మింటిలోని వారధి

దూరముననున్న వారితో మాటలాడవలెనను కోరిక మానవునకు మిక్కిలి ప్రాచీనమైనది. పూర్వము జనులు కొండకొమ్మున నెగడు మండించియు, నగారా మ్రోగించియు, పావురము కాలికి లేఖ కట్టియు వార్తలు పంపుకొనిరి. తరువాత తంతి వచ్చెను. పిమ్మట తంతితో పనిలేకయే వార్తను మోయు రేడియో తరంగము వచ్చెను. ఈ రేడియో విద్యను కొందరు జీవనోపాధి కొరకు గాక, కేవలము ఆసక్తితో అభ్యసించుచుందురు. వారిని ఔత్సాహిక రేడియో సాధకులందురు. లోకమంతట వారికి ‘హామ్’ అను ముద్దుపేరు కలదు.

హామ్‌లలో వైద్యులు, రైతులు, ఉపాధ్యాయులు, విద్యార్థులు, ఉద్యోగములనుండి విరమించిన వృద్ధులు, ఎల్ల వృత్తులవారును కలరు. ప్రభుత్వము జరుపు పరీక్షయందు ఉత్తీర్ణుడై అనుమతి పత్రము పొందిన ప్రతి హామ్‌కును ఒక గుర్తుపేరు ఉండును. మన దేశపు హామ్‌ల గుర్తుపేర్లు సాధారణముగా ‘వి.యు.’ అను అక్షరములతో మొదలగును. ఆ గుర్తుపేరే వారికి ఆకాశమున ఇంటిపేరు. వారు తమ రేడియోలో వ్యాపారము చేయరాదు. రహస్య సంకేతములతో మాటలాడరాదు. వారు చెప్పుకొనునది ఎవ్వరైనను వినవచ్చును.

హైదరాబాదు నగరమునకు తూర్పుదిక్కున, విజయవాడకు పోవు రాజమార్గముపై, దిల్‌సుఖ్‌నగర్, ఎల్.బి.నగర్ అను పేటలు కలవు. జిల్లాలనుండి చదువుకొనుటకు వచ్చిన విద్యార్థులెందరో అచ్చటి వసతిగృహములలో నివసించుచున్నారు. మేడలు ఒకదానినొకటి ఒరసికొని నిలిచియుండును. క్రింద బస్సులు, ఆటోలు. మీద స్తంభములపై మెట్రో రైలు. అట్టిచోట ఒక హామ్ డాబాపై నిలిచి, అరచేతిలో ఇముడు చిన్న రేడియోతో మాటలాడెననుకొందము. అతని మాట ఎంత దూరము పోవును?

అట్టి చిన్న రేడియోలు వాడు తరంగములు బాణమువలె తిన్నగా పోవును. ఎదురుగా మేడ అడ్డు వచ్చిన బలహీనపడును. అవి భూమి వంపును అనుసరించి వంగిపోజాలవు. కావున అతని మాట మలక్‌పేటలోనో, వనస్థలిపురములోనో ఉన్న మిత్రునికి వినబడవచ్చును. ఎత్తైన గుట్టపై పునఃప్రసార యంత్రమును నిలిపినచో మరికొంత దూరము పోవును. కాని పదునారువందల కిలోమీటర్లకు పైగా దూరముననున్న అండమాను దీవుల పోర్టుబ్లేరునకు అది చేరుటెట్లు? హ్రస్వ తరంగములు ఆకాశపు పైపొరలకు తగిలి వెనుకకు వచ్చునుగాని, వాటికి పొడవైన ఏరియలు వలయును; పగలు, రాత్రి, సూర్యుని స్థితి, వీటిని బట్టి అవి మారుచుండును. తిన్నగా పోవు తరంగముతోనే అంతదూరము పోవలెనన్నచో ఆ గుట్ట ఏ పర్వతమునకును లేనంత ఎత్తుండవలెను. భూమిపై అట్టి గుట్ట లేదు. కావుననే హామ్‌లు తమ పునఃప్రసార యంత్రమును మింట నిలుప బూనిరి. అదియే ఔత్సాహిక ఉపగ్రహము.

ఈ ప్రయత్నమునకు ఆది అమెరికాలోని కాలిఫోర్నియా. 1957 అక్టోబరులో మొదటి కృత్రిమ ఉపగ్రహము స్పుత్నిక్ పైకి పోయినప్పుడు దాని ధ్వనిని లోకమందలి హామ్‌లనేకులు వినిరి. వినినవారికి ‘మనము కూడ ఒకటి చేయలేమా?’ అను తలంపు కలిగెను. కాలిఫోర్నియా హామ్‌లు తమ ఇండ్లలోను, కారు కొట్టములలోను కూర్చుండి నాలుగున్నర కిలోల బరువుగల పెట్టె నొకదానిని నిర్మించిరి. ఒక పెద్ద రాకెట్టులో తూకము సరిపోవుటకై ఉంచు దిమ్మకు బదులు ఆ పెట్టెను పెట్టుటకు అధికారులు అంగీకరించిరి. రాకెట్టునుండి దానిని వెలుపలికి నెట్టుటకు అమర్చినది అంగడిలో కొన్న సామాన్యమైన స్ప్రింగు. ఇట్లు 1961 డిసెంబరు 12వ తేదీన ‘ఆస్కార్-1’ ఆకాశమార్గము పట్టెను.

ఆస్కార్-1 మాటలను మోయజాలదు. దానికి తెలిసిన పలుకు ఒక్కటియే. మోర్సు సంకేత భాషలో నాలుగు చుక్కలు, ఆపై రెండు చుక్కలు: ‘హెచ్, ఐ’. అది తంతి పనివారి భాషలో నవ్వునకు గుర్తు. ఐనను ఆ చిన్న పలుకులో ఒక పెద్ద ఉపాయము దాగియుండెను. పెట్టె లోపలి వేడిని బట్టి ఆ పలుకు వేగము మారునట్లు దానిని అమర్చిరి. క్రింద వినుచున్నవాడు గడియారము చూచి, ఇంత కాలములో ఎన్ని పలుకులు వచ్చెనో లెక్కించినచో, అంత ఎత్తున తిరుగుచున్న పెట్టె ఎంత వేడిగానున్నదో తెలిసెడిది. 28 దేశములలోని 570 మందికి పైగా హామ్‌లు ఇట్లు విని, లెక్కించి, తమ లెక్కలను పంపిరి. సుమారు మూడు వారములకు దాని బ్యాటరీ ఉడిగెను. వినుటయు ఒక పని యనియు, శ్రద్ధగా వినువాడు నిర్మాతతో సమానముగా శాస్త్రమునకు తోడ్పడుననియు ఆ మూడు వారములు నిరూపించెను.

క్రమముగా హామ్‌ల ఉపగ్రహములు మాటలను మోయ నేర్చినవి. 1965లో పోయిన ఆస్కార్-3 క్రిందినుండి వచ్చు మాటను అందుకొని, తరంగము మార్చి, మరల క్రిందికి పంపెను. 1974 నవంబరు 15న పోయిన ఆస్కార్-7 ఏడేండ్లు చక్కగా పనిచేసి, 1981లో బ్యాటరీ చెడి మూగవోయెను. అందరును దానిని మరచిరి. ఇరువదియొక్క ఏండ్లు గడచినవి. 2002 జూన్ 21న ఇంగ్లండులోని ఒక హామ్ ఎప్పటివలె ఆకాశమును వినుచుండగా పాతకాలపు మోర్సు ధ్వని యొకటి చెవినిబడెను. అది ఆస్కార్-7! చెడిన బ్యాటరీలోని విద్యున్మార్గము ఎట్లో తెగిపోగా, సూర్యఫలకములనుండి వచ్చు విద్యుత్తు తిన్నగా యంత్రమునకు చేరసాగెను. నాటినుండి అది ఎండ తగిలినంతసేపు మేలుకొని, భూమి నీడలోనికి పోగానే నిద్రించుచు వచ్చెను. ఎవ్వరును వినకున్నచో అది బ్రతికినదని లోకమునకు తెలియకయే పోయెడిది.

మన దేశమున ఈ విద్యను పెంపొందించిన సంస్థలలో హైదరాబాదునందలి జాతీయ ఔత్సాహిక రేడియో సంస్థ యొకటి. ఎస్. సూరి మొదలగువారి కృషివలన 1983లో అది ఏర్పడెను. దిల్‌సుఖ్‌నగర్‌కు మూసీనది ఆవలి ఒడ్డున, సోమాజిగూడలో ఆ సంస్థ హామ్‌లకు శిక్షణ నిచ్చుచు, విపత్కాలములందు వార్తలు నడపుటకు వారిని సమకూర్చుచు వచ్చెను. ఆ సంస్థ పక్షమున 2004 డిసెంబరులో ఒక బృందము, భారతి ప్రసాద్ నాయకత్వమున, అండమాను దీవులకు పోయెను. అనేక సంవత్సరములుగా అచ్చటినుండి హామ్ పలుకు వెలువడలేదు. ఆ దీవులతో మాటలాడవలెనని లోకమందలి హామ్‌లు ఉవ్విళ్లూరుచుండిరి. బృందము పోర్టుబ్లేరులో ఏరియలు నిలిపి, దేశదేశములవారిని పలుకరింపసాగెను.

డిసెంబరు 26వ తేదీ ఉదయమున భూమి కంపించెను. సముద్రము పొంగి దీవులను ముంచెత్తెను. టెలిఫోనులు మూగవోయినవి. తమవారు జీవించియున్నారో లేదో తెలియక దేశమంతట వేలాది కుటుంబములు తల్లడిల్లినవి. వినోదము కొరకు నిలిపిన ఏరియలే అప్పుడు ప్రాణాధారమయ్యెను. ఆ హామ్‌లు పోర్టుబ్లేరునుండి ప్రధాన భూమికి క్షేమసమాచారములను, సహాయమునకై వచ్చిన అభ్యర్థనలను రాత్రింబగళ్లు చేరవేసిరి. ‘క్షేమము’ అను ఒక్క మాట విలువ ఎంతటిదో దానికై వేచియున్నవారికే ఎరుక. వారు నాడు వాడినవి హ్రస్వ తరంగములు. చేతి రేడియోతోనే అంతదూరము మాటలాడు సాధనము మన దేశమునకు కూడ ఉండవలెనను ఆశ మరికొన్ని నెలలలోనే ఫలించెను.

2005 మే 5వ తేదీన, ఇప్పటి తిరుపతి జిల్లాలోని శ్రీహరికోటనుండి పి.ఎస్.ఎల్.వి.-సి6 అను రాకెట్టు పైకి లేచెను. అందలి ముఖ్య ప్రయాణికుడు, భూమిని చిత్రించు కార్టోశాట్-1 అను పెద్ద ఉపగ్రహము. దానికి తోడుగా 42.5 కిలోల బరువుగల చిన్న ఉపగ్రహ మొకటి పోయెను. దాని పేరు ‘హామ్‌శాట్’. భారత అంతరిక్ష పరిశోధన సంస్థ దానిని హామ్‌ల కొరకే నిర్మించెను. అందు రెండు పునఃప్రసార యంత్రములు కలవు. ఒకటి మన దేశపు హామ్‌ల తోడ్పాటుతో ఇచ్చట తయారైనది. రెండవదానిని నెదర్లాండ్స్‌లోని వెన్లో పట్టణమున ఇంజనీరింగు చదువుచుండిన విలియం లైయెనార్ అను విద్యార్థి తయారుచేసెను. రెండును ఒకేసారి గాక, ఒకటి విశ్రమించునప్పుడు మరియొకటి పనిచేయునట్లు ఏర్పరచిరి. ఇట్లు ఒక దేశపు ఉపగ్రహమున మరియొక దేశపు విద్యార్థి చేతిపని ఇమిడెను. లోకమందలి హామ్‌లెవరైనను దానిని ఉచితముగా వాడుకొనవచ్చునని ప్రకటించిరి.

హామ్‌శాట్ ఆరువందల కిలోమీటర్లకు మించిన ఎత్తున, ఇంచుమించు ఉత్తర దక్షిణములుగా, సుమారు గంటన్నర కొకమారు భూమిని చుట్టుచుండెను. దిల్‌సుఖ్‌నగర్ డాబాపైనున్నవానికి అది ఒకమారు దిగంతమున తలయెత్తి, ఆవలి దిగంతమున అస్తమించువరకు పది పదునైదు నిమిషములు మాత్రమే అందుచుండెను. కాని ఆ కొద్ది నిమిషములలో దాని చూపు రెండువేల కిలోమీటర్లకు పైగా నలుదిక్కుల పరచుకొనుటవలన, ఢిల్లీ, గౌహతి, కొలంబో, పోర్టుబ్లేరు ఒక్క గొడుగు క్రిందికి వచ్చినట్లుండెను. పైకి పంపు మాట 435 మెగాహెర్ట్జ్ ప్రాంతమునను, క్రిందికి వచ్చు మాట 145 మెగాహెర్ట్జ్ ప్రాంతమునను ఉండెను.

దీనిని వాడుట కొంత నేర్పుతో కూడిన పని. మలక్‌పేట స్టేషనులో ఆగక పోవు రైలుబండి కూత, దగ్గరకు వచ్చునప్పుడు సన్నగాను, దాటిపోవునప్పుడు బొంగురుగాను వినబడును. గంటకు ఇరువది యేడు వేల కిలోమీటర్ల వేగముతో పోవు ఉపగ్రహమునకు కూడ ఇదియే ధర్మము. 435 మెగాహెర్ట్జ్ వద్ద ఆ మార్పు సుమారు పది కిలోహెర్ట్జ్ వరకు ఉండును. కావున హామ్ ఒకచేత ఏరియలును ఉపగ్రహమువైపు త్రిప్పుచు, మరియొకచేత రేడియో మరను సవరించుకొనుచు, చెవియొగ్గి వినుచు మాటలాడవలెను.

అంతకంటె ముఖ్యమైన ధర్మ మొకటి కలదు. హామ్‌శాట్ క్రిందికి పంపు శక్తి ఒక వాట్ మాత్రమే. చిన్న టార్చిదీపమునకు సరిపోవు శక్తి అది. అంత కొద్ది శక్తిని, అప్పుడు మాటలాడుచున్న వారందరును పంచుకొనవలెను. పది మందికి ఒక్క కుండలోని అంబలి పంచినట్లే. ఎవ్వడైనను పెద్ద యంత్రము పెట్టి అధికశక్తితో పలికినచో, ఉపగ్రహము తన్ను తాను కాపాడుకొనుటకు వినికిడిని తగ్గించుకొనును. అప్పుడు మితముగా పలుకుచున్న తక్కినవారి గొంతులు సన్నగిల్లును. అనగా తన గొంతు పెంచినవాడు ఇతరుల గొంతు నొక్కినవాడగును. ఉపగ్రహము ఎడతెగక పంపు గుర్తుధ్వనికంటె తన మాట బిగ్గరగా తిరిగివచ్చుచున్నదేమో చూచుకొని, అట్లయినచో శక్తిని తగ్గించుకొనుట మంచి హామ్‌కు నియమము. ఆ ఎత్తున కాపలాదారు లేడు, దండించువాడు లేడు. నియమమును కాపాడునది పలుకువాని మనస్సాక్షియే.

హామ్‌శాట్ తొమ్మిదేండ్లకు పైగా అందరి మాటలను మోసెను. 2014 జూలైలో బ్యాటరీ చెడుటవలన దాని సేవ ముగిసెను. కాని ఆ పని అంతటితో ఆగలేదు. 2010 జూలై 12ననే కర్ణాటక, ఆంధ్రప్రదేశ్ రాష్ట్రముల ఏడు ఇంజనీరింగు కళాశాలల విద్యార్థులు నిర్మించిన ‘స్టడ్‌శాట్’ అను కిలోకు లోపు బరువుగల ఉపగ్రహము, హామ్‌ల తరంగములలో తన గుర్తుధ్వనిని పలుకుచు, శ్రీహరికోటనుండి పైకి పోయెను. 2018 నవంబరులో ఖతార్ దేశపు ‘ఎస్‌హైల్-2’ అను ఉపగ్రహముతోపాటు హామ్‌ల పునఃప్రసార యంత్ర మొకటి భూస్థిర కక్ష్యకు చేరెను. అది భూమితోపాటు తిరుగుటవలన మింట ఒకేచోట నిలిచినట్లుండును. హైదరాబాదునుండి చూచినచో పడమటి దిక్కున, దిగంతమునకు సుమారు 28 డిగ్రీల ఎత్తున దాని స్థానము. అది ఉదయించుటయు లేదు, అస్తమించుటయు లేదు. దాని భూకేంద్రమున ఒక విచిత్రమైన ఏర్పాటు చేసిరి. ఎవ్వడైనను మితిమీరిన శక్తితో పలికినచో అతని పలుకుపైననే ఒక హెచ్చరిక ధ్వని మ్రోగును. అందరును విందురు, అతడు సిగ్గుపడి గొంతు తగ్గించుకొనును.

అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రమున కూడ ఔత్సాహిక రేడియో కలదు. వ్యోమగాములు తీరిక దొరికినప్పుడు దానిద్వారా పాఠశాలల బాలబాలికలతో మాటలాడుదురు. 2025 జూలైలో భారతీయ వ్యోమగామి శుభాంశు శుక్లా ఆ కేంద్రమునుండి ఇట్లే మన దేశపు విద్యార్థుల ప్రశ్నలకు సమాధానములు చెప్పిరి. ఆ కేంద్రము సాయంసంధ్యవేళ మింట పోవునప్పుడు కదలు పెద్ద నక్షత్రమువలె కంటికే కనబడును. అందుండి వచ్చు పలుకులు 145.8 మెగాహెర్ట్జ్ వద్ద వినబడును.

వాటిని వినుటకు గొప్ప ధనము అక్కరలేదు. ఒకప్పుడు దూరదర్శన్ కొరకు డాబాలపై నిలిచిన ఏరియలువంటిది చాలును. ఒక కర్రకు అడ్డముగా మూడు నాలుగు అల్యూమినియము కడ్డీలను లెక్కప్రకారము బిగించి దానిని చేతితోనే చేసికొనవచ్చును. తీగలు, కొక్కెములు, చిన్న సామగ్రి దిల్‌సుఖ్‌నగర్‌కు దాపుననున్న కోఠి గుజరాతీ గల్లీ అంగళ్లలో దొరకును. మాటలాడుటకు మాత్రము పరీక్ష నెగ్గి అనుమతి పత్రము పొందవలెను. పండ్రెండేండ్లు నిండినవారెవరైనను ఆ పరీక్షకు కూర్చుండవచ్చును. అనగా ఎనిమిదవ తరగతి చదువు బాలికకును, బాలునికిని ఆ ద్వారము తెరచియే యున్నది.

ఐతే పరీక్షకు పూర్వమే నేర్వదగినది ఒకటి కలదు. మొదట వినవలెను. ఎవ్వరైనను మాటలాడుచున్నారేమో చూడవలెను. తరువాత తన గుర్తుపేరు చెప్పి, పలుకవలసినది క్లుప్తముగా పలికి, తరువాతివానికి తావియ్యవలెను. విపత్తు సంభవించినప్పుడు ‘మేము క్షేమము’ అను ఒక్క మాటకై ఎక్కడనో ఒక తల్లి వేచియుండును. ఆ మాటకు చోటు మిగుల్చుటకే ఈ నియమములన్నియు. మింటిలోని వారధి మిక్కిలి ఇరుకైనది. దానిపై నడచువారు ఒకరికొకరు దారి యిచ్చినంతకాలమే అది అందరిదై యుండును.

ప్రశ్నలు

1. దిల్‌సుఖ్‌నగర్‌లోని చిన్న రేడియో పలుకు పోర్టుబ్లేరునకు తిన్నగా చేరకుండుటకు కారణమేమి?
2. ఆస్కార్-1 లోపలి వేడిని భూమిపైనున్న హామ్‌లు ఎట్లు తెలిసికొనిరి?
3. 2004 డిసెంబరులో అండమాను దీవులకు పోయిన హామ్‌ల బృందము చేసిన సేవను వివరింపుము.
4. ‘తన గొంతు పెంచినవాడు ఇతరుల గొంతు నొక్కినవాడగును.’ ఈ మాట హామ్‌శాట్ విషయమున ఎట్లు నిజమో తెలిపి, నిత్యజీవితమున దీనికి సరిపోవు ఉదాహరణ మొకటి వ్రాయుము.